దీవి విమానాశ్రయంలో అద్దె కారు

స్కాట్లాండ్ పడమటి తీరానికి ఆవల, అట్లాంటిక్ మహాసముద్రంలో ఔటర్ హెబ్రిడీస్ అనే దీవుల వరస ఉంది. ఆ వరసలో దక్షిణపు కొస వైపు ఉన్న దీవి బారా. జనాభా పన్నెండు, పదమూడు వందలు. ఈ దీవికి విమానాశ్రయం ఉంది కానీ తారు రన్‌వే లేదు. ఉత్తరాన ట్రాయ్ వోర్ అనే సముద్రపు ఇసుక మైదానం మీదే విమానం దిగుతుంది. ఆటు సమయంలో నీళ్లు వెనక్కి తగ్గాక, గట్టిగా బిగుసుకున్న తడి ఇసుకే రన్‌వే. త్రికోణాకారంలో మూడు దారులు. వాటి కొసలు తెలిసేలా పాతిన కొయ్య స్తంభాలు. పోటు వచ్చిందంటే మూడు దారులూ సముద్రంలో మునిగిపోతాయి. 1936 నుంచి ఈ ఏర్పాటు సాగుతోంది. వేళలు ప్రకటించి నడిపే ప్రయాణికుల విమానాలు ఆటుపోట్ల ఇసుక మీద దిగే చోటు ప్రపంచంలో ఇదొక్కటేనని చెబుతారు.

గ్లాస్గో నుంచి ఇక్కడికి గంటకు కాస్త అటూ ఇటూ ప్రయాణం. వచ్చేది ట్విన్ ఆటర్ అనే రెండు ఇంజన్ల బుల్లి విమానం, పంతొమ్మిది మందికి మించి పట్టదు. సముద్రపు పోటు రోజుకు సుమారు యాభై నిమిషాల చొప్పున ఆలస్యమవుతుంది కాబట్టి, విమాన వేళలను కూడా దాన్నిబట్టే మారుస్తారు. ఇవాళ పొద్దున దిగిన విమానం వచ్చే వారం మధ్యాహ్నం దిగవచ్చు. బారాలో కారు అద్దెకు తీసుకోవడం గురించి తెలుసుకోవలసిన మొదటి సంగతి ఇదే. కారు ఎప్పుడు చేతికొస్తుందో, ఎప్పుడు తిరిగి అప్పగించాలో తేల్చేది సముద్రం.

పెద్ద విమానాశ్రయాల్లో బయటికి వచ్చే దారి పొడవునా అద్దె కార్ల కౌంటర్లు ఉంటాయి. ఒక చోట కారు లేదంటే పక్క కౌంటర్‌కు వెళ్తారు. బారాలో ఆ కౌంటర్లు లేవు. ప్రపంచమంతా పేరున్న అద్దె కార్ల కంపెనీలేవీ ఇక్కడ శాఖ పెట్టలేదు. ఉన్నదల్లా దీవిలో కాపురముంటున్న వాళ్లు నడుపుకునే చిన్న వ్యాపారాలే. అద్దె కార్లే వాళ్లకు ఏకైక జీవనాధారం కానక్కర్లేదు. మరమ్మతుల షెడ్డో టాక్సీయో ఇంకేదో పని కూడా పక్కన ఉండవచ్చు.

కార్లు ఎందుకు తక్కువో లెక్క వేస్తే సులువుగానే తెలుస్తుంది. దీవికి వచ్చే కారు సాధారణంగా స్కాట్లాండ్ ప్రధాన భూభాగంలోని ఓబన్ రేవు నుంచి ఓడెక్కి, సుమారు అయిదు గంటలు సముద్రం మీద ప్రయాణించి దీవిలోని కాజిల్‌బే రేవు చేరాలి. టైరు కావాలన్నా, అద్దం కావాలన్నా, బంపర్ కావాలన్నా దారి అదే. ఉప్పుగాలికి ఇనుము తొందరగా తుప్పు పడుతుంది. ఇక గిరాకీ అంటారా, మే నుంచి సెప్టెంబరు దాకా ఎక్కువ, చలికాలంలో దాదాపు లేనట్టే. వేసవి రద్దీకి సరిపడా కార్లు కొంటే ఆరు నెలలు అవి ఊరికే నిలబడి తుప్పు పడతాయి. అందుకే యజమానులు అవసరానికి కాస్త తక్కువ కార్లే ఉంచుకుంటారు, ఉన్నవాటిని బాగుచేసుకుంటూ ఏళ్ల తరబడి నడుపుతారు. పాత కారు ఇచ్చారని నొచ్చుకునే ప్రయాణికుడు ఈ లెక్క తెలుసుకుంటే ఆ కారునే గౌరవంగా చూస్తాడు.

మన దేశంలో ఇలాంటి చిన్న అద్దె కార్ల వ్యాపారాలు పెరగకపోవడానికి వేరే కారణం ఉంది. సొంతంగా నడుపుకునే అద్దె కార్ల కోసం 1989లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన పథకం, లైసెన్సు కావాలంటే కనీసం 50 కార్లు ఉండాలని షరతు పెట్టింది. మోటారు సైకిళ్లకు 1997లో తెచ్చిన పథకంలో అయిదుంటే చాలన్నారు. పోర్ట్ బ్లెయిర్ (ఇప్పటి శ్రీ విజయపురం) లాంటి చోట స్కూటర్లు తేలిగ్గా అద్దెకు దొరుకుతూ, కారు మాత్రం ఎక్కువగా డ్రైవరుతో కలిపే దొరకడానికి ఇలాంటి షరతులూ ఒక కారణమే. అండమాన్‌లో స్థిరపడిన తెలుగువారికి ఈ తేడా రోజూ కనిపించేదే. బ్రిటన్‌లో మాత్రం రెండు మూడు కార్లున్న కుటుంబం కూడా, వాటికి తగిన బీమా చేయించుకుంటే, ఈ వ్యాపారం చేసుకోవచ్చు. బారా లాంటి దీవుల్లో కార్లు దొరుకుతున్నాయంటే ఆ వెసులుబాటు చలవే.

కాబట్టి ఇక్కడ బుకింగ్ క్రమం తలకిందులు కావాలి. ముందు కారు మాట్లాడుకుని, ఆ తర్వాత విమానం టికెట్టు కొనడం మంచిది. వేసవి ప్రయాణమైతే నెలల ముందే ఫోన్ చేయాలి. ఫోన్‌లో విమానం నంబరు, దిగే వేళ, ఎంతమంది, ఎన్ని పెట్టెలు, ఎవరెవరు నడుపుతారు అన్నవన్నీ చెప్పాలి. విమానం నంబరు చెప్పడం చాలా ముఖ్యం. పొగమంచు వల్ల విమానం ఆలస్యమైతే యజమానికి ఆ కబురు ప్రయాణికుడి కన్నా ముందే చేరుతుంది. దీవిలో అందరి పనులూ ఆ ఒక్క విమానంతో ముడిపడి ఉంటాయి మరి.

ఇక కాగితాల సంగతి. భారతదేశపు పూర్తి లైసెన్సు ఉన్నవారు బ్రిటన్‌లో పన్నెండు నెలల పాటు కారు నడపవచ్చు. చుట్టపుచూపుగా వచ్చినవారికైతే చిక్కు లేదు. గ్లాస్గోలోనో ఎడిన్‌బరోలోనో చదువుకుంటున్న తెలుగు విద్యార్థులు, అక్కడి ఆసుపత్రుల్లో, సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో పనిచేస్తున్నవారు మాత్రం ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. ఆ పన్నెండు నెలల లెక్క వాళ్లు అక్కడ నివాసం మొదలుపెట్టిన రోజు నుంచి నడుస్తుంది. సెలవులకు ఇంటికొచ్చి తిరిగి వెళ్తే మళ్లీ కొత్తగా మొదలవదు. గడువు దాటితే అక్కడి లైసెన్సు తీసుకోవాల్సిందే. పరీక్ష లేకుండా మార్చి ఇచ్చే దేశాల జాబితాలో భారత్ లేదు. గడువు దాటాక పాత లైసెన్సుతో నడిపితే బీమా కూడా చెల్లకుండా పోతుంది. ప్రమాదం జరిగితే ఆ భారం జీవితాంతం మోయాల్సి రావచ్చు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రవాణా శాఖలు ఇచ్చే కార్డు మీద వివరాలు ఇంగ్లీషులోనే ఉంటాయి కాబట్టి చదవడానికి ఇబ్బంది లేదు. అయినా కొందరు యజమానులు, వాళ్ల బీమా కంపెనీ అడుగుతుంది కనుక, అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ కూడా కావాలంటారు. అది బయల్దేరే ముందు మన ఆర్‌టీఓ కార్యాలయంలో తీసుకోవలసినది, ఏడాది చెల్లుతుంది. కార్డు చేతిలో ఉండాలి. ఫోన్‌లో డిజిలాకర్ ప్రతి మన దగ్గర పోలీసులకు చాలుతుంది గానీ అక్కడ చాలదు. పేరు దగ్గర మనవాళ్లకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి వస్తుంటుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, లైసెన్సులో ఒక్క అక్షరమే ఉంటుంది, బ్యాంకు కార్డు మీద అసలే ఉండదు. మూడింటిలో పేర్లు ఎలా ఉన్నాయో బుకింగ్ చేసేటప్పుడే చెబితే తర్వాత తంటా ఉండదు.

బ్రిటిష్ లైసెన్సు ఉన్నవారిని వేరొకటి అడుగుతారు. 2015 జూన్ దాకా లైసెన్సుతో పాటు ఒక కాగితం ఉండేది, అందులో జరిమానాల వివరాలు రాసి ఉండేవి. దాన్ని రద్దు చేశారు. ఇప్పుడు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఒక కోడ్ తీసుకుని యజమానికి ఇవ్వాలి. దానితో అతను రికార్డు చూసుకుంటాడు. కోడ్ ఇరవై ఒక్క రోజులు పనిచేస్తుంది. దీవిలో దిగాక ఫోన్ సిగ్నల్ అన్నిచోట్లా అందదు కాబట్టి గ్లాస్గోలో ఉండగానే తీసిపెట్టుకోవాలి. ఇంకొకటి: అక్కడ ఆటోమేటిక్ కారుతో పరీక్ష పాసైనవారికి గేర్ల కారు నడిపే హక్కు రాదు. దీవిలో దొరికేవి ఎక్కువగా గేర్ల కార్లే. ఆటోమేటిక్ కావాలంటే ఉందో లేదో ముందే తేల్చుకోవాలి. వయసు పరిమితులూ ఉంటాయి. సాధారణంగా ఇరవై ఒకటి నుంచి ఇరవై అయిదు మధ్య ఎక్కడో కింది గీత, డెబ్బై, డెబ్బై అయిదు దగ్గర పై గీత పెడతారు. తల్లిదండ్రులను తీసుకెళ్లి నాన్నగారి పేరున కారు తీసుకుందామనుకునేవారు ఇది అడిగి తెలుసుకోవాలి.

విమానం దిగాక జరిగేదంతా కొద్ది నిమిషాల పని. ప్రయాణికులు తడి ఇసుక మీదే దిగి నడుచుకుంటూ వస్తారు. బస్టాపు షెల్టర్ లాంటి చిన్న పాక కింద సామాను పెడతారు, ఎవరి పెట్టె వాళ్లు తీసుకుంటారు. పక్కనే కార్లు నిలిపే చోటు. యజమానో అతని ఇంట్లోవాళ్లో అక్కడ ఎదురు చూస్తుంటారు. లేదంటే కారు ఫలానా చోట ఉంది, తాళం చెవి ఫలానా చోట పెట్టాం అని ముందే కబురు పంపుతారు. ఆ నమ్మకం చూసి కొత్తవారు ఆశ్చర్యపోతారు. ఇరవై కిలోమీటర్లలో చుట్టి రాగలిగే దీవి నుంచి కారుతో బయటపడాలంటే ఓడెక్కాలి, ఓడలో పనిచేసేవాళ్లకు దీవిలో కార్లు చాలావరకు తెలుసు. అయినా ఆ నమ్మకం భయం లేకపోవడం వల్ల మాత్రమే వచ్చింది కాదు. మనిషిని మనిషి ఎరిగి ఉండే ఊళ్ల అలవాటు అది, కాపాడుకోవలసిన అలవాటు.

నమ్మకం ఉందని చూసుకోవలసినవి చూసుకోకపోతే ఇద్దరికీ నష్టమే. కారు చుట్టూ ఒకసారి తిరిగి, సొట్టలూ గీతలూ ఫొటోలు తీయాలి. నాలుగు చక్రాల అంచులు, ముందు అద్దం, అద్దం కింది మూలలు, బంపర్ల అడుగు భాగం దగ్గరగా తీయాలి. డాష్‌బోర్డు మీద పెట్రోలు ముల్లు, తిరిగిన మైళ్లు కనిపించేలా ఇంకో ఫొటో. డిక్కీ తెరిచి స్టెప్నీ ఉందో లేదో చూడాలి. ఇప్పటి చాలా కార్లలో స్టెప్నీకి బదులు గాలి నింపే పంపు, పంక్చరు మందు సీసా ఇస్తున్నారు. టైరు పక్క గోడ చిరిగితే ఆ మందు పనిచేయదు, ఇరుకు రోడ్డు అంచుల్లో రాళ్లకు చిరిగేది ఎక్కువగా ఆ పక్క గోడే.

బీమా గురించి కాస్త ఓపికగా వినాలి. ఎదుటివారికి కలిగించే నష్టానికి బీమా ఉండటం బ్రిటన్‌లో చట్టప్రకారం తప్పనిసరి. అది అద్దెలోనే కలిసి ఉంటుంది. అద్దె కారుకే దెబ్బ తగిలితే, కొంత మొత్తం దాకా అద్దెకు తీసుకున్నవారు భరించాలి, ఆపైన బీమా కంపెనీ భరిస్తుంది. ఆ కొంత మొత్తం ఎంత అన్నదే అడగవలసిన ప్రశ్న. వందల పౌండ్లు ఉంటుంది, ఒక్కోసారి వెయ్యి దాటుతుంది. టైర్లు, అద్దాలు, కారు అడుగు భాగం, పైకప్పు చాలా ఒప్పందాల్లో బీమా కిందికి రావు. దీవి రోడ్ల మీద దెబ్బతినేవి సరిగ్గా అవే కావడం విచారకరం. మనం భరించాల్సిన ఆ మొత్తానికి విడిగా బీమా చేసే కంపెనీలు ఉన్నాయి. కారు తీసుకునేటప్పుడు అక్కడికక్కడ కట్టేదానికన్నా ఇంటి నుంచి బయల్దేరే ముందు తీసుకున్నది చాలాసార్లు చౌక పడుతుంది. అయితే అందులో ముందు డబ్బు మనమే కట్టి, రసీదులు పంపాక తిరిగి రాబట్టుకోవాలి.

గాలి వల్ల జరిగే నష్టం వేరే చెప్పుకోవాలి. హెబ్రిడీస్ గాలులు మామూలువి కావు. వెనక నుంచి గాలి వీస్తుండగా ముందు తలుపు తెరిస్తే, అది చేతిలోంచి జారి పూర్తిగా విరిచినట్టు తెరుచుకుంటుంది, కీలు వంగిపోతుంది, తలుపు మళ్లీ సరిగా పడదు. అందుకే కారును గాలికి ఎదురుగా ముక్కు పెట్టి ఆపాలి. అప్పుడు గాలి తలుపును మూసే వైపుకే నెడుతుంది. పిల్లల చేత తలుపులు తెరిపించకూడదు. ఈ నష్టానికి బీమా వర్తించదని కొన్ని ఒప్పందాల్లో రాసి ఉంటుంది.

ఇక రోడ్లు. దీవిని చుట్టి వచ్చే ప్రధాన రహదారి పేరు ఎ 888. విమానాశ్రయం ఆ వలయానికి పైన, ఉత్తరపు కొసకు పోయే కొమ్మ రోడ్డు మీద ఉంది. అక్కడి నుంచి ప్రధాన గ్రామం కాజిల్‌బే పన్నెండు, పదమూడు కిలోమీటర్లు. మనలాగే ఎడమ వైపు నడపడం కాబట్టి తెలుగువారికి ఆ కొత్తదనం లేదు. వేగాల బోర్డులు మైళ్లలో ఉంటాయి, కిలోమీటర్లనుకోకూడదు. ఊళ్ల బయట గరిష్ఠ వేగం గంటకు 60 మైళ్లు, అంటే సుమారు 97 కిలోమీటర్లు. చట్టం ఒప్పుకున్నంత మాత్రాన ఈ రోడ్ల మీద ఆ వేగంతో పోవడం పిచ్చితనం. ఎందుకంటే చాలా మేర రోడ్డు ఒక్క కారు పట్టేంత వెడల్పే.

ఒక్క కారు పట్టే రోడ్డు మీద రెండు వైపుల నుంచీ బళ్లు ఎలా నడుస్తాయో అర్థం చేసుకుంటే సగం డ్రైవింగ్ వచ్చినట్టే. కొద్ది కొద్ది దూరాల్లో రోడ్డును ఒక పక్కకు కాస్త వెడల్పు చేసి, తెల్ల బోర్డు పాతి ఉంచుతారు. ఎదురుగా బండి కనిపించగానే, ఎవరికి దగ్గరగా ఆ వెడల్పు చోటు ఉందో వాళ్లు ఆగాలి. ఆ చోటు తమ ఎడమ పక్కన ఉంటే అందులోకి తిరిగి ఆగాలి. కుడి పక్కన ఉంటే అందులోకి పోకూడదు. రోడ్డు మీదే దాని ఎదురుగా ఆగితే, ఎదుటి బండి ఆ వెడల్పులోకి తిరిగి దాటిపోతుంది. మన వాళ్లు ఎక్కువగా పొరపాటు పడేది ఇక్కడే. ఎత్తు ఎక్కి వచ్చే బండికి దారి ఇవ్వాలి. వెనక వచ్చే బండి తొందరలో ఉన్నట్టుంటే కూడా ఆగి ముందుకు పోనివ్వాలి. దీవి వాళ్లు బడికో ఆసుపత్రికో ఓడ రేవుకో పోతుంటారు, విహారానికి కాదు. దాటిపోతూ ప్రతి డ్రైవరూ చేయి పైకెత్తుతాడు, తిరిగి చేయి ఎత్తాలి. ఫొటోల కోసం ఆ వెడల్పు చోట్లలో కారు నిలిపేస్తే రోడ్డంతా స్తంభించిపోతుంది. దీవుల్లో కాపురముండేవారికి పర్యాటకుల మీద ఉన్న పెద్ద ఫిర్యాదు ఇదే, అది న్యాయమైన ఫిర్యాదు.

గొర్రెలకు చాలాచోట్ల కంచెలుండవు. ఎండ పడిన రోడ్డు వెచ్చగా ఉంటుందని దాని మీదే పడుకుంటాయి. వసంతకాలంలో పిల్లలుంటాయి కనుక మరీ జాగ్రత్త అవసరం. తల్లి ఒక పక్క, పిల్ల రెండో పక్క కనిపిస్తే, కారు దగ్గరకు వచ్చేసరికి పిల్ల తల్లి వైపు పరుగు తీస్తుంది. ముందే ఆగడం తప్ప మార్గం లేదు. గొర్రెకు, ఆవుకు, మేకకు, కుక్కకు కారు తగిలితే ఆగి యజమానికి గానీ, వాళ్లు దొరక్కపోతే పోలీసులకు గానీ చెప్పి తీరాలని 1988 నాటి రోడ్డు ట్రాఫిక్ చట్టం అంటుంది. మద్యం విషయంలో స్కాట్లాండ్ ఇంగ్లండ్ కన్నా కఠినం. 2014 డిసెంబరు నుంచి వంద మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాములే పరిమితి. ఇంగ్లండ్‌లో 80.

విమానం దిగే ఇసుక మీదికి కారు తీసుకెళ్లాలన్న ఆశ చాలామందికి పుడుతుంది. వద్దు. అక్కడ గాలి దిశ చూపే గుడ్డ గొట్టం ఎగురుతోందంటే విమానం వచ్చే వేళ, మనుషులు కూడా ఆ ఇసుక మీద ఉండకూడదు. విమానం లేని వేళల్లో ఆల్చిప్పల్లాంటి కాకిల్స్ ఏరుకునేవాళ్లు నడిచి తిరుగుతారు. కారుకు మాత్రం ఉప్పునీరే శత్రువు. ఇసుకలో దిగబడి పోటు వచ్చేస్తే ఏ బీమా ఆదుకోదు.

కారుంటే చేరుకోగలిగిన చోట్లలో తప్పక చూడవలసింది దక్షిణాన వాటర్సే దీవి. 1991 దాకా అక్కడికి రోడ్డు లేదు. పశువులను అమ్మడానికి జలసంధిలో ఈదించి తెచ్చేవారు. 1986లో అలా ఈదుతూ బెర్నీ అనే పేరున్న ఎద్దు మునిగి చనిపోయింది. ఆ సంఘటన పత్రికలకెక్కి, రోడ్డు కట్ట కావాలన్న దీవివాసుల కోరికకు బలం చేకూర్చింది. ఇప్పుడు పావు కిలోమీటరు పొడవున్న ఆ కట్ట మీదుగా కారు నిమిషంలో దాటిపోతుంది. ఉత్తరాన ఎరిస్కే దీవికి వెళ్లాలంటే ఆర్డ్‌వోర్ రేవులో కారుతో సహా ఓడెక్కాలి, నలభై నిమిషాల ప్రయాణం. ఎరిస్కే నుంచి సౌత్ యూయిస్ట్‌కు 2001 నుంచి కట్ట ఉంది. అయితే అద్దె కారును దీవి దాటించాలంటే యజమాని అనుమతి ఉండాలి. అవతల కారు చెడితే తెచ్చుకునే భారం ఆయనదే కదా, చాలామంది ఒప్పుకోరు. 2008లో ఈ దీవులకు ఓడ ఛార్జీలు తగ్గించినప్పటి నుంచి సొంత కార్లతో వచ్చేవారు పెరిగి, వేసవిలో ఓడలో కారుకు చోటు దొరకడం కూడా కష్టమవుతోంది.

తిరుగు ప్రయాణంలో ముందు పెట్రోలు పోయించుకోవాలి. విమానాశ్రయం దగ్గర బంకు లేదు. తీసుకున్నప్పుడు ఎంత ఉందో అంతా నింపి ఇవ్వడమే మామూలు పద్ధతి. దూరపు దీవుల్లో పెట్రోలు ఖరీదని 2012 నుంచి ప్రభుత్వం లీటరుకు 5 పెన్నీల పన్ను రాయితీ ఇస్తోంది, అయినా పట్నం ధరల కన్నా ఎక్కువే. కారులో కాళ్లు పెట్టే చోట ఇసుక దులిపి, సామాను తీసి, మళ్లీ అవే కోణాల్లో ఫొటోలు తీసుకుని, చెప్పిన చోట తాళం చెవి పెట్టాలి. ముందు కట్టిన డిపాజిట్ తిరిగి ఖాతాలో పడడానికి కొన్ని రోజులు పడుతుంది, అందాకా ఆ ఫొటోలు ఉంచుకోవాలి.

పొగమంచు వల్లనో గాలి వల్లనో విమానం రాకపోతే ఏమవుతుంది? యజమానికి వెంటనే ఫోన్ చేయాలి. ఆ కారును తర్వాత తీసుకోవలసినవాళ్లు తరచుగా అదే విమానంలో రావలసినవాళ్లే అయి ఉంటారు. వాళ్లు గ్లాస్గోలో ఆగిపోతే కారు ఇంకో రాత్రి ఖాళీగానే ఉంటుంది. అదనపు రోజుకు అద్దె ఎంతో ఒప్పందం చేసుకునేటప్పుడే మాట్లాడుకుని ఉంటే ఇక పేచీ ఉండదు. వేచి ఉండలేనివారు కాజిల్‌బే నుంచి ఓబన్ వెళ్లే ఓడ ఎక్కుతారు. అప్పుడు కారును విమానాశ్రయంలో కాకుండా రేవు దగ్గర వదలాలి, ఎక్కడ వదిలారో యజమానికి చెప్పి బయల్దేరాలి.